బేల్‌ను చంపాల్సిన పని లేదు, అయినా

"కథకు అక్కర్లేని దాంతో అంత కొట్లాట ఎందుకన్నా?" అని బానకచర్ల రెగ్యులేటర్ దగ్గర మాటల్లో ఒక తమ్ముడు అడిగినాడు. ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో బేల్ అనే డ్రాగన్ గురించి. 2024 జూన్‌లో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన 'షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ' అనే దాని అదనపు భాగంలో జాగెడ్ పీక్ అనే కొండ కొసన ఉంటాడు వాడు. నిజమే, వాణ్ని చూడకుండానే ఆట ముగించొచ్చు.

నేను ఆ కొండెక్కేది ఇగాన్ అనే పాత్ర కోసం. కింద దారిలో కాళ్ళు చితికి పడి ఉంటాడు. లేవలేడు. మూలుగుతూనే బేల్‌కు శాపనార్థాలు పెడుతుంటాడు. ఆ గొంతు రిచర్డ్ లింటర్న్ అనే నటుడిది. అంత భయం, అంత పగ ఒకే గొంతులో పలకడం సినిమాల్లో కూడా అరుదు. పైకి పోయి పిలిస్తే, అదే మనిషి విల్లు పట్టుకుని మన పక్కన నిలబడి బాణాలేస్తాడు. ఆ క్షణం నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

బేల్ కూడా దెబ్బతిన్నవాడే. డ్రాగన్ల రాజు ప్లాసిడుసాక్స్‌తో పోరులో ఒక కాలు, రెక్కలు పోగొట్టుకున్నాడు. మనం బాగా కొట్టినాక మంటలతో, మెరుపులతో కొత్త రెక్కలు తెచ్చుకుని ఎగురుతాడు. కడుపు కిందికి దూరితే కెమెరాలో ఏమీ కనపడదు. ఎదురుగా ఉండి తలనే కొట్టాలి.

ఆడే తమ్ముళ్ళూ, ఇగాన్‌ను కలవకుండా మాత్రం ఆ కొండెక్కొద్దు. ముందు అతను చెప్పేదంతా వినండి, ఆ తర్వాతే పైకి పోండి.