ఫిల్టరు పెట్టాము

మాది బెంగుళూరులో గుమాస్తా ఉద్యోగం. చదువు మెట్రిక్యులేషనుతో ఆగింది, వయస్సు నలభై దాటింది. పగలంతా కాగితాలతో కుస్తీ పట్టి, సాయంత్రం మల్లేశ్వరంలో ఇల్లు చేరి, ఫిల్టరు కాఫీ తాగుతూ కాసేపు నిమ్మళంగా కూర్చుందామనుకునే బాపతు.

కిందటి వేసవిలో ఆ నిమ్మళం కాస్తా పోయింది. సామర్లకోటలో మా తాతగారి ఇల్లు అమ్మాలా, ఉంచాలా అని దాయాదుల్లో చర్చ లేచింది. దస్తావేజుల నకళ్లు అందరికీ చేరాలని అమెరికాలోని మా అన్నయ్య ‘విలేజ్ హౌస్’ అన్న శీర్షికతో ఒక ఈమెయిలు పంపాడు. అంతే! పద్నాలుగు సంసారాలవారూ ‘రిప్లై ఆల్’ నొక్కడం మొదలుపెట్టారు. ఒకరు గోడ మాట ఎత్తితే మరొకరు మామిడిచెట్టు మాట. చివరకు ముప్ఫై ఏళ్లనాటి పెళ్లిలో ఎవరు ఎవరిని పలకరించలేదన్నది కూడా బయటికి వచ్చింది.

ఆఫీసులో పక్క బల్ల కన్నడ మిత్రుడు మా ముఖం చూసి, “యాకె తలె కెడిస్కొళ్తీర స్వామీ? ఫిల్టర్ హాకి!” అన్నాడు. జీమెయిలులో ఆ ఏర్పాటు ఉన్నది. పంపినవారి పేరు గాని, శీర్షిక గాని, లోపలి మాట గాని గుర్తు చెబితే, అటువంటి ఉత్తరం రాగానే ఏమి చేయాలో ముందే ఆజ్ఞాపించవచ్చు.

ఇది కొత్త విద్యేమీ కాదు. 1984లో లారీ వాల్ అనే అమెరికన్ రాసిన ‘ఆర్‌ఎన్’ అనే ప్రోగ్రాములోనే, అక్కరలేని చర్చలు కంటబడకుండా చేసే ‘కిల్ ఫైలు’ ఉండేది. 1990లలో విదేశాల్లోని మన తెలుగువారు యూజ్‌నెట్‌లో ‘సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే చోట చేరి మాట్లాడుకునేవారు. మనవాళ్లు నలుగురు చేరిన చోట కవిత్వమూ ఉంటుంది, కలహమూ ఉంటుంది కదా!

మేము శీర్షికలో ‘విలేజ్ హౌస్’ ఉన్న ప్రతి ఉత్తరమూ ఇన్‌బాక్సుకు రాకుండా పక్కకు పోవాలన్నాము. అక్కడితో ఆగక ‘చదివినట్టు గుర్తు పెట్టు’ అన్న గడిలో కూడా టిక్కు కొట్టాము. ఇల్లంతా ఎంత ప్రశాంతమో! కాఫీ రుచి తిరిగి వచ్చింది.

మూడో వారంలో ఒక ఉదయం, తెలియని నంబరు నుంచి ఫోను. “ఒరే నాయనా, నేనురా. స్టేషన్లో ఉన్నాను. ఫోను చార్జింగు అయిపోయింది. ఎవరో అమ్మాయి ఇచ్చింది” అన్నది మా మేనత్త. కంటి ఆపరేషనుకని సామర్లకోట నుంచి శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో ఒంటరిగా వచ్చింది. ఆమె వస్తున్న సంగతి బాబయ్యగారు మాకు రాశారు. ఎక్కడ? ఆ పోట్లాట ఉత్తరం కిందనే, శీర్షిక మార్చకుండా!

పరుగెత్తాము. డెబ్బై దాటిన మనిషి, సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉన్నది. గంటన్నర అయిందట. “ఉత్తరం అందలేదేమోలే” అన్నది, మమ్మల్ని ఒక్క మాట అనకుండా. “అవునత్తయ్యా, అందలేదు” అన్నాము.

ఆ రాత్రి పక్కకు తోసిన ఉత్తరాలన్నీ తీసి చదివాము. నూటికి పైన ఉన్నవి. అప్పుడు గాని మాకు తట్టలేదు. ఆ ఇంట్లో ఉంటున్నది అత్తయ్య. ఇంతమందిలో ఆమెను అడిగినవారు ఒక్కరూ లేరు. అడగనివారిలో మేమూ ఒకరము. ఇంట్లో ఫిల్టరు డికాక్షను దించి పిప్పి ఆపుతుంది. మా ఫిల్టరు రెండూ కలిపి పారబోసింది.

మర్నాడు మొదటిసారిగా మేమూ ‘రిప్లై ఆల్’ నొక్కాము: “అత్తయ్య ఉన్నన్నాళ్లూ ఇల్లు అట్లాగే ఉండనివ్వండి.” ఆనాడు జవాబులు ఎక్కువ రాలేదు.

ఫిల్టరు ఇప్పటికీ ఉన్నది. టిక్కు మాత్రం తీసేశాము. పక్కకు పోయినవి ప్రతి ఆదివారం ఒకసారి చూస్తున్నాము. మీరూ సంగతి మారినప్పుడు దయచేసి శీర్షిక మార్చి రాయండి.

అత్తయ్యకు ఆపరేషను బాగా జరిగింది. ఇప్పుడు అద్దాలు పెట్టుకుని ఈ పత్రిక అట్టనుంచి అట్టవరకు చదువుతున్నది. అందుకే ఇక్కడ రాస్తున్నాము: అత్తయ్యా, ఉత్తరం అందింది. చూడనిది మేమే.