లెక్కకు రాని జక్కవ

ఇంగ్లండులో మా యింటికి చేరువనున్న జలాశయపు గట్టున, పక్షులకు మనుష్యుల అలికిడి సోకకుండ కట్టిన కర్రగదిలో మొన్న జనవరి ఉదయమున కూర్చుండగా, దూరమున నొక జక్కవ కనబడెను: కాషాయమునకు దగ్గరి మేనివన్నె, లేతరంగు తల, నల్లని తోక. నా ప్రక్కనున్న పెద్దమనిషి దుర్భిణి దించి, "ఎవరి తోటనుండియో తప్పించుకొని వచ్చినది, లెక్కకు రాదు" అని, సూదితోక బాతులను మాత్రము పుస్తకమున వ్రాసికొనెను.

ఉద్యానములందు అలంకారమునకై పెంచగా తప్పించుకొన్న జక్కవలు ఈ దేశమున తిరుగుచున్న మాట నిజమే. అయినను లెక్కకు రాదా! హిమాలయములను దాటు జక్కవలు 6,800 మీటర్ల యెత్తున కెగురునని 2017లో ప్రకటించినవారు ఈ దేశపు ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులే కదా! లడఖ్, టిబెట్టు పీఠభూములందు పొదిగి, శీతకాలమున మన నదులకు దిగివచ్చు పక్షిజాతికి ఒక్క పంక్తి చోటు లేదా?

గోదావరి ఉత్తరవాహినియైన మా చెన్నూరులో, పుష్యమాసపు తెల్లవారుజామున ఇసుకదిబ్బలనుండి వాని పిలుపు వినబడినప్పుడెల్ల మా నాయనమ్మ, రాత్రియంతయు జంట విడివడియున్నవని జాలిపడెడిది. మన ప్రాచీన కవులు జక్కవల, అనగా చక్రవాకముల, విరహమును వర్ణింపని కాలము లేదు. ఆమె ఏ కావ్యమును చదువలేదు గాని ఆ జాలి మాత్రము ఆమెకును తెలియును.

1947 నుండి శీతకాలపు బాతులను ఏటేట లెక్కించుచున్న ఈ దేశపు స్వచ్ఛందసేవకులకు, వానలో తడియుచు వారు చూపు ఓర్పునకు, నేను మనసార నమస్కరింతును. అయితే లెక్కలు మనకును క్రొత్తవి గావు: 1930లలో సలీం అలీ నిజాం రాజ్యమున తిరిగి పక్షులను పరిశీలించి ప్రకటించెను, ఆసియా నీటిపక్షుల గణన 1987 నుండి ప్రతి జనవరియందు జరుగుచున్నది. జక్కవను లెక్కకు రాదని త్రోసివేయువారు అందు లేరు.

నా దిగులు వేరొకటి. 2019లో కాళేశ్వరము పథకము ప్రారంభమైన పిమ్మట అందలి అన్నారము ఆనకట్ట వెనుకనీరు మావైపు చేలను ముంచినది. నీరు నిలిచిన యేండ్లలో ఇసుకదిబ్బలును మునుగును. దిబ్బలు లేనిచో ఆ జంటలు ఎక్కడ దిగును? అందుచేత సంక్రాంతికి చెన్నూరు పోవు మా మేనల్లునికి, ఒడ్డున నిలిచి దిబ్బలెన్ని తేలియున్నవో, వానిపై జక్కవలెన్ని కూర్చున్నవో రెండును వ్రాసి పంపుమని నిన్ననే ఉత్తరము వ్రాసితిని.