రాత్రి నెత్తురు: ఉప్పలగుప్తం నుంచి రాజమహేంద్రవరం దాకా

బోదకాలు తెచ్చే పురుగు పేరు వుచరేరియా బాంక్రాఫ్టి. తెల్లగా, సన్నగా, దారప్పోగులా ఉంటుంది. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది, మగపురుగు అందులో సగం. అది పేగుల్లో ఉండదు. గజ్జల్లో, చంకల్లో, వృషణాల దగ్గర ఉండే శోషరస నాళాల్లో కాపురం పెడుతుంది. నాలుగు నుంచి ఆరేళ్లు బతికి లక్షల కొద్దీ పిల్లల్ని నెత్తురులోకి వదులుతుంది. ఆ పిల్లలే మైక్రోఫైలేరియాలు. పురుగులు చేరిన నాళాలు సాగిపోయి, నీరు లాగే శక్తి పోగొట్టుకుంటాయి. గజ్జల్లో బిళ్ల కట్టడం, చలిజ్వరం రావడం, అది తగ్గి మళ్లీ తిరగబెట్టడం, ఏళ్లు గడిచాక కాలు వాచి గట్టిపడటం ఈ జబ్బు నడిచే వరస. మగవాళ్లలో చాలామందికి కాలు వాయకుండానే వరిబీజం వస్తుంది. సిగ్గుతో పంచె కింద దాచుకునే ఆ బాధ లెక్కల్లోకి ఎక్కేది తక్కువ.

ఈ ప్రయాణానికి నేను ఉప్పలగుప్తాన్ని మొదలుగా పెట్టుకోవడానికి కారణం అక్కడి నీరు. మండలం గోదావరి మధ్య డెల్టా చివరి అంచున ఉంది. భీమనపల్లి, గొల్లవిల్లి దాటి సూరసాని యానం చేరితే ఎదురుగా బంగాళాఖాతం. ధవళేశ్వరం దగ్గర 1852లో పూర్తయిన ఆనకట్ట పంచిన నీరు చేలన్నీ తడిపి, ఆఖరికి మురుగు కాలవలై ఈ వైపుకే దిగుతుంది. నేల పల్లం, సముద్రం పక్కనే. పోటు మీదున్నప్పుడు మురుగు లాగదు. దారి పొడవునా కొబ్బరి తోటలు, వాటి మధ్య రొయ్యల చెరువులు మెరుస్తుంటాయి. కొత్తవాళ్లు ఆ చెరువుల్నే అనుమానిస్తారు. కానీ ఫైలేరియాను, అంటే ఈ బోదకాలు జబ్బును, మోసే క్యూలెక్స్ దోమకు అంత నీరు అక్కర్లేదు. పెరటి వెనక అంట్లు తోమిన నీళ్లు నిలిచే గుంట, మూత సరిగా లేని మరుగుదొడ్డి గొయ్యి, గడ్డి పట్టి కదలని మురుగు కాలవ చాలు. నీరు ఎంత కుళ్లితే దానికి అంత ఇష్టం. కోనసీమలోనూ, గోదావరి పక్క జిల్లాల్లోనూ బోదకాలు తరతరాలుగా పాతుకుపోవడానికి మూలం నదిలో లేదు, వాడేసిన నీటికి దారి చూపకపోవడంలో ఉంది.

క్యూలెక్స్ రాత్రి కుట్టే దోమ. దానికి తగ్గట్టే పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల సన్న నాళాల్లో దాగి, చీకటి పడ్డాక చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి. రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య వాటి సంఖ్య బాగా ఎక్కువ. అందుకే పగలు తీసిన నెత్తురులో ఈ పురుగు సాధారణంగా కనిపించదు. ఫైలేరియా సిబ్బంది ఊళ్లోకి వచ్చేది జనం అన్నాలు తిని మంచాలు వాల్చుకునే వేళకే. వేలి చివర సూదితో పొడిచి, ఇరవై క్యూబిక్ మిల్లీమీటర్ల నెత్తురు గాజుపలక మీద మందంగా పరుస్తారు. అది ఆరాక నీళ్లలో ఉంచి ఎరుపు పోగొడతారు, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. నిద్ర లేపితే ఎవరికైనా విసుగే. "పగలు రావొచ్చు కదండీ" అంటే, "ఆయ్, పగలొస్తే పురుగు దొరకదండి బాబాయ్ గారూ" అని నచ్చజెప్పుకోవాలి. ఆ ఒక్క మాటలోనే ఈ జబ్బు శాస్త్రమంతా ఉంది. చైనాలోని అమోయ్ రేవులో పనిచేసిన పాట్రిక్ మాన్సన్ పురుగు పిల్లల ఈ రాత్రి వరసను పట్టుకోవడానికి చాలా రాత్రులు నెత్తురు చూస్తూ గడిపాడు.

అంతకుముందే 1866లో బ్రెజిల్‌లో ఒట్టో వుచరర్ రోగి మూత్రంలో పురుగు పిల్లల్ని చూశాడు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ వాటిని మనిషి నెత్తురులో చూశాడు. 1876లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో జోసెఫ్ బాంక్రాఫ్ట్‌కు పెద్ద పురుగు దొరికింది. పురుగు పేరులో వుచరర్, బాంక్రాఫ్ట్ ఇద్దరి పేర్లూ కలిశాయి. దోమ కడుపులో పురుగు పిల్లలు ఎదగడం 1877లో మాన్సన్ చూపించాడు. ఒక కీటకం మనిషి జబ్బును మోస్తుందని తెలియడం అదే మొదలు. మలేరియాకూ దోమే కారణం కావచ్చని రోనాల్డ్ రాస్‌ను పురికొల్పినవాడూ ఆయనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రాస్ కనుక్కున్నదాని గురించి బడిపిల్లలకు కూడా తెలుసు. దాని వెనక బోదకాలు పురుగు ఉందన్న సంగతి మాత్రం పాఠాల్లో కనిపించదు. అది ఉండాలి.

ఉప్పలగుప్తం నుంచి అమలాపురం, అక్కడి నుంచి కొత్తపేట మీదుగా రావులపాలెం. ఆ తర్వాత గౌతమి మీది వంతెన దాటి జొన్నాడ, కడియపులంక పూలమొక్కల వరసలు, రాజమహేంద్రవరం. బస్సులో కూర్చుంటే కాలవ ఒకవైపు వెంట వస్తూనే ఉంటుంది. ఈ జబ్బు విషయంలో రాజమహేంద్రవరానికి దేశంలోనే ప్రత్యేక స్థానం ఉంది. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఆ పనికి మనుషుల్ని తయారు చేయడానికి, పరిశోధనకు జాతీయ అంటువ్యాధుల సంస్థ కింద మూడు ప్రాంతీయ కేంద్రాలు నడిచాయి. ఒకటి కేరళలో కోజికోడ్, ఒకటి ఉత్తరాన వారణాసి, మూడోది రాజమహేంద్రవరం. జబ్బు ఉన్న చోటే దాన్ని చదవాలన్నది ఆ ఎంపికలో కనిపిస్తుంది. ఏ ఊళ్లో ఎందరి నెత్తురులో పిల్లపురుగులున్నాయి, పట్టిన దోమల్లో ఎన్నింటి కడుపులో అవి ఎదిగాయి, మందు మింగించాక ఎంత తగ్గాయి అన్న లెక్కలు ఢిల్లీలో కూర్చుంటే తేలేవి కావు. దోమను పట్టి, కోసి, కటకం కింద చూసే ఓపిక కావాలి. దోమలో పిల్లపురుగు కుట్టడానికి సిద్ధమయ్యే దశకు రావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మలేరియా క్రిమిలా అది దోమలో పెరిగి వేలు కాదు. అందుకే ఒకటి రెండు దోమకాట్లతో బోదకాలు రాదు, ఏళ్ల తరబడి కుట్టించుకుంటేనే వస్తుంది. ఊరు వదలనివాళ్లకు, దోమతెర కొనలేనివాళ్లకు ఇది ఎక్కువగా రావడానికి అదే కారణం.

రాజమహేంద్రవరంలో తప్పక తలుచుకోవలసిన పేరు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి ఈ ఊళ్లో చదువుకున్నారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుజబ్బుతో రోజుల తేడాలో చనిపోయారు. ఆయనకూ ఆ జబ్బు వచ్చింది, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నారు. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు పూర్తి చేశారు. 1940 నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధనను నడిపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. దానికి మందు వెతికే పని అక్కడ పడింది. పత్తిచేల ఎలుకల్లో ఉండే ఇలాంటి పురుగు మీద ఎన్నో రసాయనాలు పరీక్షించారు. 1947లో డైఇథైల్‌కార్బమజైన్ తేలింది, మందుగా దాని పేరు హెట్రజాన్. మనుషులకు ఇచ్చి చూసింది ప్యూర్టో రికోలో. మరుసటి ఏడు ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. ఇండియా మళ్లీ చూడలేదు. ఉప్పలగుప్తంలో ఆరోగ్య కార్యకర్త చేతిలో పెట్టే బిళ్లకు గోదావరి జిల్లా మనిషికి ఉన్న సంబంధం ఇది. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద ఆయన బొమ్మ ఉండాలన్నది నా కోరిక.

ఆ బిళ్ల గోదావరిలో మంచిదే గాని అన్నిచోట్లా కాదు. ఆఫ్రికాలోని గాబోన్ దేశంలో ఒగోవే నది ఒడ్డున లాంబరేనే ఉంది. ఆల్బర్ట్ ష్వైట్సర్ 1913లో అక్కడ ఆసుపత్రి పెట్టాడు. 1981 నుంచి దాన్ని ఆనుకుని మలేరియా మీద, పురుగుజబ్బుల మీద పరిశోధన నడుస్తోంది.   అక్కడి అడవుల్లో లోవా అనే మరో పురుగు ఉంది, కంటి తెల్లగుడ్డు మీదుగా పాకుతూ కనిపించేది. దాన్ని మోసే ఈగ పగలు కుడుతుంది. కాబట్టి లోవా పిల్లలు పగటి నెత్తురులోనే తిరుగుతాయి. అక్కడి రక్తపరీక్ష మిట్టమధ్యాహ్నం చేస్తారు. మోసే కీటకం గడియారాన్నే పురుగు కూడా పాటిస్తుంది. లోవా పిల్లలు నెత్తురులో చాలా ఎక్కువగా ఉన్నవాళ్లకు డైఇథైల్‌కార్బమజైన్ ఇస్తే చచ్చిన పురుగుల వల్ల మెదడు దెబ్బతినవచ్చు. నదుల పక్క ఈగలు తెచ్చే అంధత్వపు జబ్బు ఉన్నచోట ఇస్తే చూపుకే ముప్పు. అందుకే ఆ జబ్బు ఉన్న ఆఫ్రికా దేశాల్లో బోదకాలుకు ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ కలిపి ఇస్తారు. లోవా బాగా ఉన్నచోట ఐవర్‌మెక్టిన్‌తోనూ జాగ్రత్త పడాల్సిందే. టోగో 2017లో బోదకాలును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసింది, మలావీ 2020లో. ఒకే పురుగు, కానీ పక్కన ఏయే పురుగులున్నాయో తెలియకుండా ఏ ఊరికీ మందు రాయలేరు.

మన దేశంలో ఆ రెండు జబ్బులూ లేవు. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ డైఇథైల్‌కార్బమజైన్ మింగించారు, తర్వాత దానికి ఆల్బెండజోల్ చేర్చారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. మందు నెత్తురులోని పురుగు పిల్లల్ని త్వరగా చంపుతుంది, పెద్ద పురుగుల్ని కొంతమేరకే. వాటి ఆయుష్షు తీరేదాకా ఏటా మింగాలన్నది అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చెప్పాక కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపి మూడు మందులిస్తున్నారు. మింగాక ఒళ్లు వెచ్చబడటం, తల తిరగడం లాంటివి ఎక్కువగా నెత్తురులో పురుగు పిల్లలున్నవాళ్లకే వస్తాయి. ఇది ముందే చెప్పని ఊళ్లో మరుసటి ఏడు జనం బిళ్లలు తీసుకుని జేబులో వేసుకుంటారు. ఎదుటే మింగించాలన్న నియమం అందుకే పెట్టారు. ఒంట్లో పురుగు ఉన్నా కాలు వాయనివాళ్లే ఎక్కువ, ఊళ్లో జబ్బు పంచేది కూడా వాళ్లే. బాగున్నవాడు నాకెందుకు మందు అనడం అందుకే ప్రమాదం.

వాచిపోయిన కాలును మందు తిరిగి మామూలు చేయదు. అయినా ఆ మనిషికి చేయగలిగింది ఉంది. వరిబీజాన్ని శస్త్రచికిత్సతో తీసేయవచ్చు. కాలు మళ్లీ మళ్లీ జ్వరంతో వాచడానికి కారణం వేళ్ల సందుల్లోని పుండ్ల నుంచి దూరే సూక్ష్మజీవులు. రోజూ సబ్బుతో, చల్లని శుభ్రమైన నీళ్లతో కాలు కడగాలి. వేళ్ల మధ్య మెత్తటి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వాలి. పగిలినచోట లేపనం రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టాలి. చేలో దిగేటప్పుడు చెప్పు వదలకూడదు. తిరిగి వచ్చేటప్పుడు అమలాపురం బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ బరువైన కుడికాలును చేత్తో ఎత్తి సంచి మీద పెట్టుకుంది. ఎవరూ చెప్పకపోయినా కాలు ఎత్తులో ఉంటే సుఖమని ఆమెకు తెలుసు. చెప్పవలసింది వేళ్ల సందులు ఆరబెట్టుకోవడం గురించి. అది చెప్పాను.