సన్నసెగ మీద చిక్కుడుగింజల చారు

వంటను గూర్చి పాఠశాల సంచికలో వ్రాయుట యేమని కొందఱు చదువరులకు తోచవచ్చును. పద్యములు, యాత్రా వర్ణనములు, పూర్వ విద్యార్థుల క్షేమ సమాచారములు ఉండదగిన పుటలలో చారుకుండ కేమి పని? అయినను నేను బోధించునది ప్రకృతి శాస్త్రము. వేడి, నీరు, ఆమ్లము, మాంసకృత్తులు అను మాటలను నల్లబల్లపై వ్రాయని దినము నాకు లేదు. ఆ మాటలన్నియు ఒక్కచోట గూడి పనిచేయునది వంటయింటిలోనే గదా! అదియుగాక, గడచిన రెండు సంవత్సరములలో ఈ చారువలన మా యింటికి గలిగిన మేలు చిన్నది కాదు. కావున విద్యార్థులకును వారి తలిదండ్రులకును దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని.

మా తల్లిగారు నాయొద్దనే యుందురు. వారికి డెబ్బది యేండ్లు దాటినవి. మధుమేహమును రక్తపు పోటును చాలకాలముగా నున్నవి. అన్నము తగ్గించి పప్పుధాన్యములను కూరగాయలను హెచ్చుగా తినుమనియు, ఉప్పు తగ్గింపుమనియు వైద్యులు చెప్పిరి. చెప్పుట సులభము. మేము ఉదయము ఎనిమిదిన్నరకు ఇల్లు వెడలి, సాయంకాలము అయిదింటికి గాని తిరిగిరాము. వారి కొఱకు వేఱొక గిన్నెలో చప్పిడికూర వండిపెట్టి పోవుచుంటిమి. వారు దాని మూతయైనను తీయక, మాకొఱకు వండిన యన్నములో ఆవకాయ కలుపుకొని తినెడివారు. అడిగినచో, "అమ్మాయీ, అందఱికీ ఒక కుండ, నాకొక కుండా? రోగుల కూడు నాకొద్దు" అనెడివారు.

ఆ మాటలో రోగముకంటె పెద్ద బాధ యొకటి కలదు. నలువది యేండ్లు ఇంటిల్లిపాదికి వడ్డించిన చేయి, వేఱు గిన్నెకు చాపవలసివచ్చుట ఎవరికి రుచించును? మందులు మార్చుట వైద్యుల పని. కుండ మార్చుట మాపని యని నాకు తోచినది. అందఱమును తినదగినదియు, వారికి తగినదియు నగు వంటకమొకటి కావలెను. అది మేము నిద్రించునపుడు తనంతట తానే ఉడుకవలెను.

ఆ దినములలోనే ఇంగ్లండులో పనిచేయుచున్న నా తమ్ముడు సెలవులకు వచ్చుచు స్లో కుక్కరు అను విద్యుత్ పాత్ర నొకదానిని తెచ్చెను. బరువైన పింగాణి కుండ, దానిచుట్టు వేడినిచ్చు తీగగల తొడుగు, పైన గాజుమూత: ఇంతే దాని నిర్మాణము. సెగ అడుగున మాత్రమే గాక ప్రక్కలనుండియు మెల్లగా తగులును; అందువలన మాడదు, పొంగదు, కావలి యుండనక్కఱలేదు. దీనికి 'మందాగ్ని పాత్ర' యని పేరు పెట్టుదమని నేననగా, మా తెలుగు పండితులు నవ్వి, "మందాగ్ని యనగా అజీర్ణరోగము. ఆ పేరు పెట్టిన కుండలో వండినది ఎవరు తిందురు?" అనిరి. కావున దానిని స్లో కుక్కరనియే పిలుచుచున్నాము.

ఈ పాత్ర పుట్టుకయే చిక్కుడుగింజలతో ముడిపడి యున్నది. అమెరికాలో అర్వింగ్ నాక్సన్ అను యూదుడు దీనిని కల్పించి 1940లో పేటెంటు పొందెను. యూదులు విశ్రాంతి దినమున నిప్పు రాజేయరు. అందుచేత లిథువేనియా ప్రాంతమున వారు శుక్రవారము సూర్యుడు గ్రుంకకముందే చిక్కుడుగింజలు, యవలు, మాంసము, దుంపలు కుండలో వేసి రొట్టెల దుకాణపు పొయ్యిలో నుంచెడివారు. పొయ్యిలో మిగిలిన వేడికి అది రాత్రియంతయు మగ్గి మఱునాటి భోజనమునకు సిద్ధమగును. ఆ వంటకము పేరు చోలెంట్. లిథువేనియాలో గడచిన చిన్ననాట తాను కుండను రొట్టెల దుకాణమునకు మోసికొనిపోయిన కథను నాక్సను కుటుంబములోని పెద్దామె చెప్పగా, ఆ పొయ్యిని బల్లమీద నిలుపు నుపాయ మతనికి తట్టెనట. 1970లో రైవల్ అను కంపెనీ అతని వ్యాపారమును కొని, మఱుసటి యేట క్రాక్ పాట్ అను పేరుతో దానిని అమ్మకమునకు పెట్టినది.

అయితే ఇది మనవారికి కొత్తయా? మన పల్లెలలో పాలదాలి యుండెడిది. గుంటలో పిడకలు రాజవేసి, దానిపై పాలకుండ నుంచినచో, ప్రొద్దుటి పాలు సాయంకాలమునకు ఎఱ్ఱబాఱి మందపు మీగడ కట్టును. ఎడ్ల కొఱకు ఉలవలు ఉడికించి, గుగ్గిళ్లు వాటికి పెట్టి, ఆ కట్టును సన్నసెగపై గంటలకొలది మరిగించి మనము చేసికొనునదియే ఉలవచారు. ఎద్దును మనిషియు ఒకే కుండనుండి తినిన వంటకమది! నేడది పెండ్లివిందులలో మీగడతో దర్జాగా వడ్డింపబడుచున్నది. పరిశుద్ధ గ్రంథములో ఏశావు తన జ్యేష్ఠత్వము నమ్ముకొన్న వంటకమును మన తెలుగు ప్రతి చిక్కుడుకాయలదిగా చెప్పుచున్నను, హెబ్రీ మూలములోని మాటకు అర్థము మసూరుపప్పు. ఏమైనను గింజల చారు వాసనకు అంత బలము కలదని మనము గ్రహింపవచ్చును.

ఇక చేయు విధము. ఆఱుగురికి ఎఱ్ఱని రాజ్మా గింజలు 150 గ్రాములు, బొబ్బర్లు 100 గ్రాములు చాలును. కొన్ని జిల్లాలలో బొబ్బర్లనే అలసందలందురు. రాత్రి వంటకు ఉదయము బడికి పోవుటకు ముందే వీనిని సమృద్ధిగా నీరుపోసి నానవేయవలెను. వేసవిలో ఆ నీరు పులియును గనుక గిన్నెను ఫ్రిజ్జిలో నుంచుట మంచిది. నానిన నీటిని పాఱబోయవలెను. కడుపుబ్బరమునకు కారణమగు చక్కెరలు కొంత దానితో పోవును.

ఇచ్చట నొక ముఖ్య విషయము. నానిన రాజ్మాను నేరుగా స్లో కుక్కరులో వేయరాదు. పచ్చి రాజ్మాలో ఫైటోహీమగ్లుటినిన్ అను నొక పదార్థము కలదు. ఎఱ్ఱ రక్తకణములను ముద్దగా గుమిగూర్చు గుణము దానిది. సరిగా నుడుకని గింజలు నాలుగైదు తినినను ఒకటి మొదలు మూడు గంటలలో వాంతులును, పిమ్మట విరేచనములును కలుగవచ్చును. తెర్లుచున్న నీటిలో అది నశించును. కాని స్లో కుక్కరులోని వేడి పలుమాఱు 75 డిగ్రీలను దాటదు. 80 డిగ్రీల వేడిలో మాత్రమే ఉడికిన గింజలు పచ్చివానికంటెను ఎక్కువ విషమగునని అమెరికా ఆహార శాఖవారు హెచ్చరించియున్నారు. కనీసము 5 గంటలు నానబెట్టి, క్రొత్త నీటిలో 30 నిమిషములు తెర్లించుమని వారి సలహా. మెత్తబడినంత మాత్రమున గింజ ఉడికినదని నమ్మరాదు. మా తరగతిలో ఈ సంగతి చెప్పినపుడు ఒక బాలిక, "మెల్లగా ఉడికినది బాగుగా ఉడుకునని కదా పెద్దలందురు, టీచరుగారూ?" అని యడిగినది. చక్కని ప్రశ్న. ఎక్కువసేపు కాచుట వేఱు, ఎక్కువ వేడిగా కాచుట వేఱు. ఆ నాటి పాఠమంతయు దానితోనే సరిపోయినది.

కావున సాయంకాలము గ్యాసు పొయ్యిమీద గింజలను క్రొత్త నీటిలో గడియారము చూచుచు అరగంటసేపు తెర్లించి, ఆ నీటిని వంచి, గింజలను స్లో కుక్కరులో వేయవలెను. ఉల్లిపాయలు రెండు, వెల్లుల్లి రేకలు ఎనిమిది, అల్లపు ముక్క, క్యారెట్లు రెండు, లేత సొరకాయ ముక్కలు ఒక గిన్నెడు, దంచిన మిరియాలు, జీలకఱ్ఱ చేర్చి, వేడినీరు లీటరుంబావు పోయవలెను. కుండ మూడింట రెండు వంతులకు మించి నిండరాదు. రాత్రి తొమ్మిది గంటలకు సన్నసెగపై పెట్టినచో అయిదింటికి సిద్ధము. నడుమ మూత తీసి చూడరాదు. తీసినపుడెల్ల పోయిన వేడి తిరిగి చేరుటకు చాలసేపు పట్టును.

టమాటాలను, చింతపండును మొదట వేయకుండుట మేలు. ఆమ్లము గింజతోలు మెత్తబడనీయదు. సున్నపు లవణములుగల బోరునీరును అట్టిదే. మా యూరి నీటితో తెర్లించినపుడు గింజలు గట్టిగానే యుండగా, త్రాగునీటితో మెత్తబడినవి. కొందఱు సోడా ఉప్పు వేయుదురు. గింజ వేగముగా నుడుకును గాని బి-1 విటమిను చెడును. అందుచే ఉదయము లేచిన తర్వాత తరిగిన టమాటాలు మూడు, గుప్పెడు మునగాకు వేసి, పెద్దసెగకు త్రిప్పి అరగంట యుంచి, చెంచాడు నూనెలో జీలకఱ్ఱ, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టుదుము. ఉప్పు చదునుగా ఒక చిన్న చెంచాడు మాత్రమే. ఆఱుగురికి పంచినచో తలకొక గ్రాము కూడ రాదు. దినమునకు అన్ని వంటకములలో కలిసి 5 గ్రాములకు లోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. తగ్గిన ఉప్పునకు నిమ్మరసము బదులు చెప్పును. బొబ్బర్లు కరగి చారునకు చిక్కదన మిచ్చును. రాజ్మా నిలిచి పంటికి తగులును.

ఎండుగింజలలో నూటికి సుమారు 20 పాళ్లు మాంసకృత్తులు. పీచుపదార్థము సమృద్ధి గనుక రక్తములో చక్కెర మెల్లగా హెచ్చును. పప్పుధాన్యములలో తక్కువగు మెథియొనిన్ జొన్నలలోను బియ్యములోను దొరకును. వానిలో తక్కువగు లైసిన్ పప్పులలో కలదు. కావున చారులోనికి జొన్నరొట్టె తినుట మంచి జోడి. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము వైద్యుని అడిగియే తినవలెను. గింజలలో పొటాషియము ఎక్కువ. విద్యుత్తు పోయి చాలసేపు రానిచో, గోరువెచ్చని చారులో క్రిములు పెరుగును. అట్టి రాత్రి ఎప్పటినుండి ఎప్పటివరకు కరెంటు లేదో తెలియనపుడు పాఱబోయుటయే మంచిది. పాఱబోయుటకు ప్రాణమొప్పదు, నిజమే. ఆస్పత్రి ఖర్చు అంతకంటె నొప్పదు.

మొదటి ఉదయము మా క్యారేజీ గిన్నెలను, మా తల్లిగారి గిన్నెను వరుసగా పెట్టి ఒకే కుండనుండి నింపితిని. వారు ప్రక్కన నిలిచి చూచుచుండిరి, ఏమియు ననలేదు. సాయంకాలము వచ్చి చూడగా గిన్నె కడిగి బోర్లించి యున్నది. "మిరియము చాలలేదు" అని మాత్రమే అనిరి. ఆ వారమునుండి పోపు వారిచేతి పని యైనది. వారమునకు మూడుమాఱులు చారు కాచుచున్నాము. చక్కెర పరీక్షలో అంకెలు కొంత దిగినవి. దానికి చారొక్కటే కారణమని చెప్పజాలను; మందులు మానలేదు, సాయంకాలపు నడకయు మొదలుపెట్టిరి.

ఇప్పుడు వారికి రాజ్మా విసుగు పుట్టినది, ఉలవలతో చేయుమనుచున్నారు. గడచిన మాసము 200 గ్రాముల ఉలవలతో ప్రయత్నించితిని. తోలు మందము గనుక పండ్రెండు గంటలు నానబెట్టి, అరగంట తెర్లించి, సన్నసెగపై పదిగంట లుంచితిని. కట్టు బాగుగా దిగినది గాని చిక్కదనము చాలలేదు. ఉడికిన గింజలలో నాలుగవ వంతు రుబ్బి కలుపవలెనని మా తల్లిగారి తీర్పు. వచ్చు శనివారము అట్లు చేయుదుము.