బటన్ ఫోనా, టచ్ ఫోనా?

మన షోలాపూర్ బస్తీల ఫోన్ కొనబోతే రెండు రకాలు కనబడతయి. ఒకటి టచ్ ఫోన్. ఇంకోటి జియోఫోన్ 2 లాంటి బటన్ ఫోన్. ఇది 2018ల వచ్చింది, అప్పుడు ధర 2,999 రూపాయలు. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో బటన్ ఉంటది. అప్పట్ల వాట్సాప్ గూడ నడిచేది.

సాంచా నడిపే చేతికి బటన్ హాయి. నాడె మీది నుంచి కన్ను తియ్యకుండనే తడిమి నంబరు కొట్టొచ్చు. టచ్ అట్ల కాదు. చర్మం తగిలితే అద్దం కింది సన్నటి కరెంటుల వచ్చే తేడాను అది పసిగడుతది. పోగులు ముడేసి కాయలు కాసి ఎండిన వేలైతే, ఒక్కోసారి తగిలినట్టే దానికి తెలువది. మళ్లీ నొక్కాలె.

అయినా నేను టచ్ ఫోనే తీసుకున్న. కారణం అక్షరం.

సిరిసిల్లల ఉన్న మా అక్క తెలుగు ఒక్కటే చదువుతది. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలల్ల పంపితే ఎవరితోనన్న చదివించుకోవాలె. ఇంటి అప్పు సంగతి, పిల్ల సంబంధం సంగతి ఆమె పక్కింటోళ్ల నోట ఎందుకు వినాలె? వాయిస్ పంపొచ్చు గదా అంటరు. కార్ఖానా మోతల నా మాట వినబడది, పదిమంది నడుమ ఆమె వినలేదు.

బటన్ మీద అచ్చుగుద్దిన అక్షరం మారది. అద్దం మీదనైతే తాకంగనే ఇంగ్లీషు పోయి మరాఠీ, మరాఠీ పోయి తెలుగు వస్తది. ఇంట్ల ఒక భాష, బజార్ల ఒక భాష మాట్లాడే మనకు ఇది చిన్న సంగతి కాదు. అక్షరాలు వెతుక్కునుడు కష్టమైతే చేతిరాత పెట్టుకోవచ్చు. పలక మీద రాసినట్టు వేలితో ‘అక్క’ అని రాస్తే అదే అచ్చక్షరమైతది.

మీరు కొనేముందు దుకాణంలనే తెలుగు పెట్టించి మీ ఇంటిపేరు రాసి చూడుండ్రి. మీ వేలి మాట అది వింటదో లేదో అక్కడనే తేలుతది. పాత బటన్ ఫోన్ ఉంటే పారెయ్యకుండ్రి. నాది ఇప్పటికీ సాంచా కాడ జేబులనే ఉంటది.

మా పిల్లగాడు మరాఠీ బడిల చదువుతడు. తెలుగు గలగల మాట్లాడుతడు గని చదవరాదు. ఇప్పుడు వాళ్ల మేనత్త మెసేజీ వస్తే నా భుజం మీద వంగి, “బాపూ, ఇదేం అక్షరం?” అంటున్నడు. ఇప్పటికి పదకొండు గుర్తుపడుతున్నడు.