ఆ మూడొందల యాభై గ్రాములు

పోయిన వానాకాలంలో ఓ సాయంత్రం చాదర్‌ఘాట్ వంతెన దిగుతూ బ్రేకేశాను. బండి ఆగలేదు. జారుకుంటూ వెళ్లి ముందున్న ఆటోకి తగిలి పక్కకు ఒరిగిపోయింది. నాకు మోకాలు చీరుకుపోయింది, వెనక కూర్చున్న మా పాపకి మోచెయ్యి గీరుకుంది. అంతటితో బయటపడ్డాం. తిట్టడానికి దిగిన ఆటో అతను పాప ఏడుపు చూసి, ఏమీ అనకుండా బండి లేపి పెట్టాడు.

మర్నాడు పంక్చర్ షాపు భాయ్ వెనక చక్రం వంక ఒక్కసారి చూసి, ‘‘టైర్ ఖతమైంది మేడం. అరచెయ్యి లెక్క నున్నగైంది. దీని మీద పిల్లను ఎక్కించుకుని తిరుగుతున్నరా?’’ అన్నాడు. తలెత్తలేకపోయాను. నిజమే, కొన్నప్పుడు చిటికెన వేలు కొస దిగేంత లోతు గీతలుండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు.

‘‘అరిగిందంతా ఎటు పోయినట్టు భాయ్?’’ మాట మార్చడానికి అడిగాను.

‘‘ఎటు పోతది? రోడ్డుకే పాయె’’ అన్నాడు పానా తిప్పుతూ.

పక్కనే పాత సామాన్ల కొట్టు. ఏం బుద్ధి పుట్టిందో, పాత టైరునీ, అదే కంపెనీ అదే సైజు కొత్త టైరునీ అక్కడి కాటా మీద పెట్టి చూశాను. తేడా 350 గ్రాములు! కొట్టు అతను నన్ను అదోలా చూశాడు. కూరగాయల సంచీ గుడ్డదే వాడాలనీ, పాల ప్యాకెట్ మూల కత్తిరించి పారేయొద్దనీ ఇవే పేజీల్లో నీతులు రాసినదాన్ని నేను. రానూపోనూ రోజుకి ఇరవై కిలోమీటర్లు తిరుగుతూ, మూడొందల యాభై గ్రాముల పొడి ఊరంతా చల్లానన్నమాట.

‘టైరంటే రబ్బరు చెట్టు పాలే కదా, మట్టిలో కలిసిపోతుందిలే’ అనుకుంటాం. అది సగమే నిజం. మిగతా దాంట్లో పెట్రోలియం నుంచి తీసిన కృత్రిమ రబ్బరు, నల్లరంగునిచ్చే కార్బన్ బ్లాక్, గంధకం, జింకు, ఇంకా ఎన్నో రసాయనాలు ఉంటాయి. అందుకే ఆ పొడినీ మైక్రోప్లాస్టిక్ కిందే లెక్కేస్తున్నారు శాస్త్రవేత్తలు. 2017లో వచ్చిన ఓ అధ్యయనం ప్రకారం ప్రపంచంలో తలకి సగటున ఏడాదికి 0.81 కిలోల టైరు పొడి రాలుతోంది. అమెరికాలో 4.7 కిలోలు, మన దేశంలో 0.23 కిలోలు. మనది తక్కువే అని సంబరపడదామంటే, ఆ సగటులో బండే లేనివాళ్లూ ఉన్నారు మరి.

బ్రేకేసినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ టైరు ఎక్కువ అరుగుతుంది. రాలిన తునకకి రోడ్డు దుమ్ము అంటుకుంటుంది. సన్నటిది కొంత గాల్లో కలుస్తుంది. ఎక్కువ భాగం రోడ్డు వారనే మట్టిలో ఉండిపోతుంది. వాన పడితే అందులో కొంత కదులుతుంది. తొలకరి జల్లుకి రోడ్డు వార పారే నల్లటి నీళ్లు చూశారుగా, అందులో ఇదీ ఉంటుంది. కాలువలోంచి నాలాలోకి, నాలాలోంచి మూసీలోకి. నేను పడ్డ వంతెన కిందే మూసీ! అక్కడ రాలిన నా రబ్బరు పెద్దగా ప్రయాణం చేయనక్కర్లేదు, దిగితే చాలు.

ఆ తర్వాతి దారి నాకు తెలుసు. మూసీ వెళ్లి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ పులిచింతల దాటి, ప్రకాశం బ్యారేజీ దాటి, హంసలదీవి దగ్గర సముద్రాన్ని చేరుతుంది. మా పుట్టిల్లు అవనిగడ్డ వైపు. చిన్నప్పుడు మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్రస్నానానికి నాన్న భుజాలమీద వెళ్లినదాన్ని. నాన్న ఇప్పటికీ ‘‘మీ హైదరాబాదు కడుగునీళ్లన్నీ మా నెత్తికే కదమ్మా’’ అని ఎకసెక్కమాడుతుంటారు. వచ్చేటప్పుడు మాత్రం బుట్టనిండా పీతలు మోసుకొస్తారు, మనవరాలికిష్టమని.

అయితే హైదరాబాదులో రాలిందంతా హంసలదీవికి చేరుతుందనుకుంటే పొరపాటు. టైరు తునక నీటికన్నా కాస్త బరువు. నీళ్లు నెమ్మదించిన చోటల్లా ఒండ్రులో దిగిపోతుంది. అంటే మూసీ ప్రాజెక్టు అడుగున, పులిచింతల అడుగున. పెద్ద వరదొస్తే లేచి మళ్లీ ముందుకు. నది మధ్యలో ఉన్నవాళ్లకీ వాటా ఉందన్నమాట, మూసీ నీళ్లతో వరీ పశుగ్రాసమూ పండించుకునే రైతులతో సహా. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోకి వాన నీళ్లతో వచ్చే మైక్రోప్లాస్టిక్‌ని 2019లో లెక్కగట్టారు. ఏడాదికి 7 లక్షల కోట్ల తునకలు! వాటిలో దాదాపు సగం నల్లటి రబ్బరు లాంటివే.

వాటివల్ల ఏమవుతుందో సియాటిల్ చేపలు చెప్పాయి. మా పిన్ని కొడుకు అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. ఫోన్లో వాడు చెప్పిన కథే ఇది. కోహో అనే సాల్మన్ చేపలు సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి శరదృతువులో పుట్టిన వాగుకే తిరిగొస్తాయి. ఊళ్లోంచి పారే కొన్ని వాగుల్లో మాత్రం వాన పడగానే నోళ్లు తెరుచుకుని గిలగిలా కొట్టుకుని గంటల్లో చచ్చిపోయేవి. కడుపులో గుడ్లు అలాగే ఉండేవి. కొన్నిచోట్ల తిరిగొచ్చినవాటిలో 40 నుంచి 90 శాతం దాకా ఇలాగే పోయేవి. కారణం తెలియక ఏళ్లతరబడి తలలు పట్టుకున్నారు. రోడ్డు మీది నీళ్లలో వేల రసాయనాలు, ఏదని వెతుకుతారు? ఒక్కోదాన్నీ తీసేస్తూ పోతే చివరికి దోషి దొరికింది. ఓజోన్ తగిలి టైరు పగుళ్లివ్వకుండా అందులో 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అది ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది. చేపల్ని చంపుతున్నది అదే. 2020 డిసెంబరులో ‘సైన్స్’ పత్రిక ద్వారా ఈ సంగతి లోకానికి తెలిసింది. విచిత్రమేమంటే, అదే వాగులో చమ్ అనే ఇంకో రకం సాల్మన్‌కి ఏమీ కాదు!

ఆ రసాయనాన్ని ఊరికే తీసేయడానికీ లేదు. అది లేకపోతే టైరు పగులుతుంది. పగిలిన టైరు ఏం చేస్తుందో నా మోకాలికి తెలుసు, పాప మోచేతికీ తెలుసు. బదులుగా ఏం వాడాలో వెతుకుతున్నారు. ఈలోపు వాళ్లు కనిపెట్టిన ఉపాయం మాత్రం మన పెరటి తెలివి లాంటిదే. రోడ్డు నీటిని నేరుగా వాగులోకి వదలకుండా ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిగుండా ఇంకించి వదిలితే చేపలు బతికాయి. మనం రోడ్డు వారనున్న కాస్త మట్టినీ సిమెంటుతో కప్పేస్తున్నాం, శుభ్రంగా ఉంటుందని! యూరప్ 2024లో తెచ్చిన యూరో 7 చట్టంలో పొగకే కాక, మొదటిసారిగా టైరు అరుగుదలకీ పరిమితి పెట్టింది.

నేను బండి మానలేదు. మానితే పాపని బడి నుంచి తెచ్చేదెవరు? పదిహేను రోజులకోసారి గాలి మాత్రం చూపిస్తున్నాను, గాలి తగ్గితే టైరు తొందరగా అరుగుతుందట. భాయ్ గాలికి డబ్బులు తీసుకోడు. ‘‘గీతలు ఇంకా ఉన్నయి మేడం’’ అని నవ్వుతాడు.

మొన్న పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. శనివారం బయల్దేరుతున్నారట, పీతలకి చెప్పి ఉంచారట. ‘‘మీకు అక్కడ వానలు పడుతున్నాయా?’’ అని అడిగారు. రాత్రంతా పడింది నాన్నా, అన్నాను.