తాడిపత్రి తోటలో తలెత్తిన తీగ

శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సెక్కితే తెల్లారేసరికి తాడిపత్రి. ఊరి చుట్టూ నాపరాళ్ల పాలిష్ యూనిట్లు, వాటి బూడిదరంగు దుమ్ము, అది దాటితే చీనీ తోటలు. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో తీరిగ్గా ఫొటోలు తీసుకోవాలని ప్రతిసారీ అనుకుంటా. ఈసారీ కుదరలేదు. బస్టాండు బయట మామ బండి స్టార్ట్ చేసే ఉంచాడు. టీ కూడా తాగనివ్వలేదు. "తోటకే పోదాం పా అల్లుడా" అన్నాడు.

మామ మూడెకరాల్లో కళింగర వేశాడు. మీరు పుచ్చకాయ అంటారేమో, మా వైపు కళింగరకాయ. రంజాన్ నెలకి కోత వస్తే ధర పలుకుతుందని లెక్క. నారు, డ్రిప్పు, ఎరువులు అన్నీ అప్పే. నాటి ఇరవై ఐదు రోజులైంది. వాట్సాప్‌లో ఆయన పంపిన ఆకుల ఫొటోలే నన్ను బస్సెక్కించాయి.

నిజానికి తప్పు నాదీ ఉంది. ఆ ఫొటోల్ని ఓ యాప్‌లో పెట్టాను. మొజాయిక్ వైరస్ అంది. అదే ఆకు ఇంకో వైపు నుంచి తీసినది పెడితే మెగ్నీషియం లోపం అంది! నేను రెండోదే మామకి పంపించా, అది తక్కువ భయంగా ఉందని. ఈలోగా మందుల షాపులో బూజు తెగులు మందు ఇచ్చారు. మామ రెండుసార్లు కొట్టాడు. వైరస్‌కి ఆ మందు ఏమీ చేయదు. అసలు మొక్కలోకి దిగిన వైరస్‌ని పోగొట్టే మందే లేదు.

తోటకి వెళ్లాక మామ ఆకు ముట్టుకోలేదు. గట్టు మీద నిలబడి చేనంతా చూశాడు. నేనేమో ఫోన్ కెమెరా జూమ్ చేస్తున్నా. ఆయన పద్ధతే కరెక్టని తర్వాత అర్థమైంది. చేనంతా ఒకేలా పసుపెక్కితే ఎరువు లోపమో, నీటి సమస్యో అనుకోవాలి. ఒక అంచునే మొక్కలన్నీ మెలికలు తిరిగితే పక్క చేనులో కొట్టిన కలుపు మందు గాలికి వచ్చిందా అని అడగాలి. వైరస్ అలా రాదు. ఇక్కడొకటి, అక్కడొకటి. జబ్బు మొక్క పక్కనే నిగనిగలాడే మొక్క. మా తోట అచ్చం అలాగే ఉంది.

కళింగర తీగ నేలమీద పాకాలి. జబ్బు పడిన తీగ కొస మాత్రం పాము పడగలా పైకి నిక్కింది. కణుపులు దగ్గర దగ్గరగా, కొత్త ఆకులు చిన్నగా, పసుపు మచ్చలతో. ఇంకొన్నింటిలో మొవ్వు గోధుమరంగుకి తిరిగి ఎండిపోయింది. మొవ్వకుళ్లు అంటే ఇదే. పుస్తకాల్లో పేరు వాటర్‌మెలన్ బడ్ నెక్రోసిస్ వైరస్. పక్క చేనులో కర్బూజాకి వచ్చింది వేరే. అక్కడ మొవ్వు బాగానే ఉంది, ఆకులే లేత పచ్చ, ముదురు పచ్చ పొడలతో ఉబ్బెత్తుగా ఉన్నాయి, అడుగున పేనుబంక. అది మొజాయిక్. రెండూ వైరస్‌లే, మోసుకొచ్చే పురుగులు వేరు.

మా దాన్ని మోసేదెవరు? ఫోన్‌లో తెల్లటి ఖాళీ పేజీ తెరిచి, దాని మీద తీగ కొసని తట్టాను. మిల్లీమీటరంత లేని పసుపు గీతలు స్క్రీన్ మీద నడిచాయి. తామర పురుగులు. ఇవి పిల్ల దశలో జబ్బు మొక్క రసం పీల్చినప్పుడే వైరస్ ఎక్కించుకుంటాయి. పెద్దయ్యాక చచ్చేదాకా అంటిస్తూనే ఉంటాయి. అంటే ఒక్కో జబ్బు మొక్కా తర్వాతి తరానికి వైరస్ పట్టించే బడి.

వరుసకి వంద చొప్పున పది వరుసలు లెక్కపెట్టాం. డెబ్బై మూడు. కృషి విజ్ఞాన కేంద్రానికి ఫోన్ చేసి ఫొటోలు పంపాం. ఖాయంగా చెప్పాలంటే ల్యాబ్‌లో పీసీఆర్ పరీక్ష చేయాలి, కానీ రిపోర్టు వచ్చేదాకా ఆగొద్దు, ఆ మొక్కలు తీసేయండి అన్నారు.

మామ కదల్లేదు. "పచ్చగానే ఉండాయి కదప్పా. చెట్టుకు ఒక కాయన్నా రాదా?"

వచ్చినా కాయ మీద ఉంగరాల మచ్చలు పడతాయి, వ్యాపారి పక్కన పడేస్తాడు. ఆ మాట నా నోట రాలేదు, ఆయనకీ తెలుసు. కాసేపయ్యాక, "నువ్వు పీకు. నా చేతులాడటంల్యా" అన్నాడు.

పీకాను. పీకినవి గట్టు మీద వేస్తే పురుగులు మళ్లీ చేనులోకే నడుస్తాయని సంచుల్లో కుక్కాం. పదో మొక్క తర్వాత మామ కూడా వంగాడు. ఆదివారం మధ్యాహ్నానికి పదకొండు సంచులు గుంతలో పూడ్చాం.

ఆ తర్వాత కూడా కొన్ని పోయాయి. వారానికోసారి మామ ఒక్కడే తిరిగి పీకేవాడు. చివరికి రెండెకరాల పంట లారీ ఎక్కింది. నారు బాకీ తీరింది, డ్రిప్పుది ఇంకా ఉంది. వచ్చేసారి చేను చుట్టూ జొన్న ముందే మూడు నాలుగు వరుసలు వేస్తాడట. వెండిరంగు మల్చింగ్ షీటు రేటు కనుక్కోమన్నాడు, ఆ మెరుపుకి తామర పురుగులు తగ్గుతాయని. మూడు షాపుల్లో అడిగాను, నాలుగో షాపు వాడు ఇంకా ఫోన్ ఎత్తలేదు.